ఇంట్లో బ్రెడ్ మెషీన్: తూకం, నీరు, తొలి పది నిమిషాలు

పిండి, నీరు, ఈస్ట్, ఉప్పు, కొద్దిగా చక్కెర, నూనె ఒకే పాత్రలో వేసి మీట నొక్కితే, కలపడం మొదలు కాల్చడం వరకు అన్ని దశలనూ తనంతట తానే పూర్తిచేసి మూడు నాలుగు గంటల్లో బ్రెడ్‌ను అందించే గృహోపకరణం బ్రెడ్ మెషీన్. చపాతీలను ఒత్తి కాల్చే రోటీ మేకర్ వేరు, ఇది వేరు. తెలుగులో ‘రొట్టె’ అన్న మాట జొన్నరొట్టెకూ సజ్జరొట్టెకూ కూడా చెల్లుతుంది గనుక, పులిసి పొంగిన గోధుమ రొట్టెకు ఇక్కడ ‘బ్రెడ్’ అన్న వాడుకే పాటించడమైనది.

యంత్రం నిర్మాణం సరళమైనది. అంటుకోని పూత గల లోహపు పాత్ర, దాని అడుగున తిరిగే ఇరుసు, ఇరుసుకు తొడిగే రెక్క, పాత్ర చుట్టూ వేడినిచ్చే కాయిల్, ఒక మోటారు, మోటారు శక్తిని ఇరుసుకు చేరవేసే బెల్టు, ఉష్ణోగ్రతను గమనించే సెన్సారు, వీటిని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటాయి. ఆ పలకకు ప్రధానంగా తెలిసింది కాలమే. ఎన్ని నిమిషాలు కలపాలి, ఎంతసేపు పొంగనివ్వాలి, ఎప్పుడు కాల్చాలి అన్నది అందులో ముందే నిర్ణయమై ఉంటుంది. ముద్ద పలచనైందా, గట్టిపడిందా, అనుకున్నదానికన్నా ముందే పొంగిందా అన్నది సాధారణ యంత్రాలకు తెలియదు. ఇంటి బ్రెడ్ చెడిపోవడానికి కారణాలు చాలావరకు ఇక్కడినుంచే మొదలవుతాయి. పిండిని చూసే పని మనిషిదిగానే మిగిలింది.

ఒసాకాలో మొదలైన కథ

ఈ పరిమితి యంత్రం పుట్టుకలోనే ఉంది. 1980ల ద్వితీయార్ధంలో జపాన్‌లోని మత్సుషితా ఎలక్ట్రిక్ సంస్థ, అంటే నేటి పానసోనిక్, ఇంటి బ్రెడ్ యంత్రాన్ని రూపొందించే ప్రయత్నం చేసింది. తొలి నమూనాల్లో పైపెచ్చు మాడిపోయేది, లోపల పచ్చిగా మిగిలేది. యంత్రం కలిపిన ముద్దనూ, చేయితిరిగిన బేకర్ కలిపిన ముద్దనూ ఎక్స్‌రే తీసి పోల్చి చూసినా ఇంజనీర్లకు తేడా అంతుబట్టలేదు. అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు, మంచి బ్రెడ్‌కు పేరుపడిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన బేకర్ వద్ద శిష్యరికం చేశారు. ఆయన ముద్దను సాగదీస్తూ మెలితిప్పే తీరును గమనించి తోటి ఇంజనీర్లకు వివరించారు. ఆ కదలికను అనుకరించేందుకు పాత్ర లోపలి గోడలకు ప్రత్యేకమైన గట్లను అమర్చారు.

యాజమాన్య శాస్త్రవేత్త ఇకుజిరో నొనాకా 1991లో ఈ ఉదంతాన్ని రాసినప్పటి నుంచి, మాటల్లో పెట్టలేని చేతి నేర్పును యంత్రంలోకి మార్చవచ్చనడానికి ఇది ప్రసిద్ధ ఉదాహరణ అయింది. అయితే 2007లో రోడ్రిగో రిబేరో, హ్యారీ కాలిన్స్ అనే పరిశోధకులు ఈ నిర్ధారణను ప్రశ్నించారు. బేకర్ నైపుణ్యం యంత్రంలోకి పూర్తిగా వెళ్లలేదని, పని జరుగుతున్నదంటే యంత్రం చుట్టూ ఉన్న మనుషులు దాని కొరతను పూరిస్తూ ఉండటమే కారణమని వారి వాదన. వంటింట్లో యంత్రాన్ని వాడేవారికి ఈ రెండో మాటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మన పిండి తీరు

విదేశీ యంత్రాలతో వచ్చే పుస్తకాల్లోని కొలతలు అక్కడి ‘బ్రెడ్ ఫ్లోర్’ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందులో మాంసకృత్తులు సాధారణంగా 12 శాతానికి పైగా ఉంటాయి. నీరు తగిలినప్పుడు ఆ మాంసకృత్తుల నుంచే గ్లూటెన్ అనే సాగే జిగురు ఏర్పడుతుంది. ఈస్ట్ వదిలే వాయువును పట్టి ఉంచి బ్రెడ్‌ను పొంగించేది అదే. మన దుకాణాల్లో దొరికే మైదాలో బలం ఇంతకన్నా తక్కువ. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం పొడి బరువులో మైదాకు కనీసం 7.5 శాతం, గోధుమ పిండికి కనీసం 6 శాతం గ్లూటెన్ ఉండాలి. ఇవి కనీస పరిమితులు మాత్రమే, వాస్తవంలో ఒక్కో సరుకు ఒక్కోలా ఉంటుంది. అందువల్ల విదేశీ కొలత ప్రకారం నీరు పోస్తే మన మైదా ముద్ద కొన్నిసార్లు జారిపోతుంది.

గోధుమ పిండిది ఇందుకు భిన్నమైన సమస్య. తిరగలి రాళ్ల మధ్య నలిగిన పిండిలో గంజి రేణువులు ఎక్కువగా చిట్లి ఉంటాయి, అవి నీటిని అధికంగా పీలుస్తాయి. చపాతీ మెత్తగా రావడానికి ఈ గుణం మేలు చేస్తుంది. బ్రెడ్‌కు మాత్రం నీరు పెంచాల్సి వస్తుంది. పైగా తవుడు రేణువులు గ్లూటెన్ పొరలను తెంపుతుంటాయి. వంద శాతం గోధుమ పిండితో చేసిన బ్రెడ్ దిట్టంగా, పొట్టిగా రావడానికి కారణం ఇదే, యంత్రం లోపం కాదు. సగం మైదా, సగం గోధుమ పిండితో మొదలుపెట్టి క్రమంగా గోధుమ పిండి పాళ్లు పెంచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. విడిగా దొరికే గ్లూటెన్ పొడిని ఒకటి రెండు చెంచాలు కలిపితే ఎత్తు కొంత పెరుగుతుంది. రాగి, జొన్న, సజ్జ పిండ్లలో గ్లూటెన్ లేదు. వాటిని మొత్తం పిండిలో అయిదోవంతుకు మించకుండా కలపడం క్షేమం.

అన్నం తినే ప్రాంతాలవారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. 2010లో జపాన్‌లో సాన్యో సంస్థ ‘గోపాన్’ పేరుతో నేరుగా బియ్యపు గింజల నుంచే బ్రెడ్ చేసే యంత్రాన్ని విడుదల చేసింది. అది గింజలను నానబెట్టి, రుబ్బి, ఆపై కలిపి కాల్చేది. అక్కడ కూడా బియ్యానికి తోడుగా గ్లూటెన్ కలపవలసిందే.

మన దేశంలో ఇంటి బ్రెడ్‌పై ఆసక్తికి మరో నేపథ్యం ఉంది. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2016లో 38 బ్రెడ్, బేకరీ నమూనాలను పరీక్షించి, 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా అయొడేట్ ఉన్నట్లు వెల్లడించింది. అదే ఏడాది పొటాషియం బ్రోమేట్ వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. పాత్రలో ఏమి వేస్తున్నామో తెలిసి ఉండటం ఇంటి బ్రెడ్‌కు ఉన్న అసలైన ఆధిక్యం. ఖర్చు ఆదా అవుతుందన్న వాదన అంత గట్టిది కాదు. యంత్రం ధర తిరిగి రావాలంటే ఏళ్ల తరబడి వాడాలి.

కప్పు కన్నా కాటా మేలు

ఒకే కప్పుతో పిండిని తేలికగా నింపితే 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాములకు పైగా పట్టవచ్చు. ఈ తేడా ముద్ద స్వభావాన్నే మార్చివేస్తుంది. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, జపాన్ కప్పు 200 మిల్లీలీటర్లు కావడం మరో చిక్కు. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా యంత్రంతోపాటే కొనదగిన వస్తువు.

మధ్యస్థ పరిమాణపు బ్రెడ్‌కు 400 గ్రాముల మైదా, 250 నుంచి 260 మిల్లీలీటర్ల నీరు, ఏడెనిమిది గ్రాముల ఉప్పు, ఒక టేబుల్ స్పూను చక్కెర, ఒక టేబుల్ స్పూను నూనె లేదా వెన్న, ఒక టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ సరిపోతాయి. పూర్తిగా గోధుమ పిండి వాడితే నీరు 290 నుంచి 310 మిల్లీలీటర్ల దాకా పట్టవచ్చు. ఉప్పు రుచికోసమే కాదు, అది ఈస్ట్ వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఉప్పు మరిచిన బ్రెడ్ త్వరత్వరగా పొంగి, కాలే సమయానికి కుంగిపోతుంది.

ఎక్కువ యంత్రాల్లో ముందు ద్రవాలు, వాటిపై పిండి, పిండి మధ్య చిన్న గుంటలో ఈస్ట్ వేయాలి. ఉప్పు, చక్కెర మూలల్లో పడాలి. పానసోనిక్ యంత్రాల్లో పలు నమూనాలకు వరుస తలకిందులు, ఈస్ట్ అడుగున ఉంటుంది, నీరు చివర పోస్తారు. పనిమొదలయ్యేదాకా ఈస్ట్‌కు తడి తగలకూడదన్నదే రెండింటి వెనుకా ఉన్న ఉద్దేశం. కాబట్టి యంత్రంతో వచ్చిన పుస్తకాన్నే అనుసరించాలి. వేరే సంస్థ యంత్రానికి రాసిన వరుసను దీనికి వర్తింపజేయరాదు. అన్నిటికన్నా ముందు రెక్కను ఇరుసుకు తొడగాలి. పిండి వేశాక రెక్క గుర్తుకురావడం ఈ యంత్రం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకసారైనా జరిగేదే.

ఈస్ట్ పాతబడిందన్న అనుమానముంటే అర కప్పు గోరువెచ్చని నీటిలో చెంచాడు చక్కెర, చెంచాడు ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఉంచాలి. నురుగు పైకి లేవకపోతే అది పనికిరాదు. విప్పిన పొట్లాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

మూత తెరిచి చూడాల్సిన వేళ

యంత్రం కలపడం మొదలుపెట్టిన అయిదు నుంచి పది నిమిషాల మధ్య మూత తెరిచి చూడటం బ్రెడ్ తయారీలో అతి ముఖ్యమైన పని. ఈ దశలో మూత తీసినందువల్ల నష్టమేమీ లేదు. ముద్ద ఒకే ఉండగా చేరి, గోడలను వదిలి, వేలితో తాకితే కాస్త అంటీ అంటనట్లు ఉండాలి. అడుగున పిండి జావలా పరుచుకుని ఉంటే ఒక్కో చెంచా పిండి చల్లాలి. ముద్ద రెండు మూడు ముక్కలై గోడలకు కొట్టుకుంటూ మోటారు మూలుగుతుంటే ఒక్కో చెంచా నీరు చిలకరించాలి. ప్రతి చెంచా తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆగాలి, ఎందుకంటే పిండి నీటిని వెంటనే పీల్చుకోదు. గోధుమ పిండి విషయంలో మరింత ఓపిక అవసరం. మొదట పలచగా కనిపించిన ముద్దే కాసేపటికి కుదురుకుంటుంది. మూలల్లో కలవని పొడిపిండి ఉంటే రబ్బరు గరిటెతో కిందికి నెట్టాలి. రెక్క తిరుగుతుండగా చేయి పెట్టకూడదు. కాల్చడం మొదలయ్యాక మాత్రం మూత తెరవరాదు, వేడి పోయి పైభాగం కుంగుతుంది.

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఎదురయ్యే కష్టం వేరు. కలిపిన ముద్ద 26 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటే బ్రెడ్ నిదానంగా, సమంగా పొంగుతుంది. వంటిల్లు 38 డిగ్రీలున్నప్పుడు డబ్బాలోని పిండి కూడా అంతే వేడిగా ఉంటుంది. 400 గ్రాముల ఆ పిండికి మిద్దెపై ట్యాంకు నుంచి వచ్చే 34 డిగ్రీల నీరు 260 మిల్లీలీటర్లు కలిపితే ముద్ద వేడి 35 డిగ్రీలు దాటుతుంది. కలిపే రాపిడి మరికొంత వేడిని చేరుస్తుంది. యంత్రం గడియారం మాత్రం మారదు. అది కాల్చడం మొదలుపెట్టే వేళకు ముద్ద ఎప్పుడో పొంగి, బిగువు కోల్పోయి ఉంటుంది. అదే పిండికి ఫ్రిజ్‌లోని 5 డిగ్రీల నీరు పోస్తే మిశ్రమం సుమారు 18 డిగ్రీల వద్ద మొదలై, కలపడం పూర్తయ్యేసరికి కావలసిన స్థాయికి చేరుతుంది. కనుక ఎండాకాలంలో చల్లని నీరు పోయాలి, ఈస్ట్‌ను పావువంతు తగ్గించాలి. దిల్లీ, సిమ్లా వంటి చోట్ల చలికాలంలో ఇందుకు విరుద్ధంగా గోరువెచ్చని నీరు అవసరమవుతుంది. మరీ వేడి నీరు మాత్రం ఎక్కడా పనికిరాదు. 60 డిగ్రీల దరిదాపుల్లో ఈస్ట్ చచ్చిపోతుంది.

రాత్రి అన్నీ వేసి ఉదయానికి బ్రెడ్ సిద్ధమయ్యేలా టైమర్ పెట్టే సౌకర్యం ఎండాకాలంలో అంతగా అక్కరకు రాదు. చల్లని నీరు గంటల తరబడి నిలిచి వెచ్చబడుతుంది. పాలు, పెరుగు, గుడ్లు ఉన్న మిశ్రమానికి ఏ కాలంలోనూ టైమర్ వాడకూడదు. త్వరిత విధానం విషయానికొస్తే, అది సమయాన్ని మిగిల్చి రుచిని తగ్గిస్తుంది. ఎక్కువ ఈస్ట్‌తో రెండు గంటల్లోపు ముగిసే ఆ బ్రెడ్ కన్నా, పిండి కలిపే విధానాన్ని మాత్రమే వాడుకుని ఓవెన్‌లో కాల్చుకోవడం మంచి మార్గం.

విద్యుత్తు

అమెరికాలోని బంధువులు తెచ్చిన యంత్రాలు తెలుగువారి ఇళ్లలో అరుదు కాదు. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. దానితో కలిపితే యంత్రం కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ యంత్రం వాటేజీకన్నా చాలినంత ఎక్కువ సామర్థ్యం గలది. 600 వాట్ల యంత్రానికి 1,000 వోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉచితం. అయినా ఫ్రీక్వెన్సీ తేడా వల్ల కొన్ని మోటార్లు నెమ్మదిగా తిరిగి ఎక్కువ వేడెక్కుతాయి. జపాన్ యంత్రాలు 100 వోల్టులవి గనుక వాటికీ ఇదే జాగ్రత్త. వీలుంటే ఇక్కడి సరఫరాకు తయారైన యంత్రాన్నే కొనడం, కొనేముందు పాత్ర, రెక్క విడిగా దొరుకుతాయో లేదో విచారించడం వివేకం.

ఒక బ్రెడ్‌కు ఖర్చయ్యే కరెంటు అర యూనిట్‌కు అటూ ఇటూగా ఉంటుంది. కరెంటు పోతే చాలా యంత్రాలు కొన్ని నిమిషాలపాటు తమ స్థితిని గుర్తుంచుకుని, తిరిగి రాగానే ఆగినచోటి నుంచి కొనసాగుతాయి. ఆ గడువు దాటితే మొదటినుంచి ప్రారంభించమంటాయి. అప్పటికే పొంగుతున్న ముద్దను మళ్లీ మొదటినుంచి కలపనివ్వకుండా, తీసి ఓవెన్‌లోనో, గ్యాస్ పొయ్యిపై మందపాటి గిన్నెలోనో కాల్చుకోవచ్చు. కాల్చే దశలో భారం వందల వాట్లకు చేరుతుంది గనుక చిన్న ఇన్వర్టర్‌పై ఆధారపడటం తగదు.

బరువైన ముద్దను కలిపేటప్పుడు యంత్రం అదిరి మెల్లగా జరుగుతుంది. గట్టు అంచున పెడితే కింద పడే ప్రమాదముంది. గోడకు కొంత దూరంగా, సమతలంపై ఉంచాలి. ఆవిరి పోయే రంధ్రాలపై గుడ్డ కప్పరాదు.

కాలిన తర్వాత

గంట మోగగానే మందపాటి చేతి తొడుగులతో పాత్రను తీసి, తలకిందులు చేసి కుదపాలి. లోపలే వదిలేస్తే ఆవిరి చేరి పక్కలు చెమ్మగిల్లుతాయి. గాలాడే జాలీపై కనీసం గంటసేపు చల్లారాకే కోయాలి. రెక్క బ్రెడ్ అడుగున ఇరుక్కుంటే యంత్రంతో వచ్చిన కొక్కెంతోనో, చెక్క పుల్లతోనో తీయాలి. కత్తి మొన వాడితే పూత గీరుకుపోతుంది.

దుకాణపు బ్రెడ్‌లో బూజును ఆపేందుకు సాధారణంగా కాల్షియం ప్రొపియొనేట్ కలుపుతారు. ఇంటి బ్రెడ్‌లో అది ఉండదు. విశాఖపట్నం, చెన్నై వంటి తేమ ప్రాంతాల్లో అది రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది గానీ, ఆ చలిలో గంజి త్వరగా గట్టిపడి బ్రెడ్ పెళుసెక్కుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా టోస్ట్ చేసుకోవడం ఉత్తమం. ఉక్కపోత రోజుల్లో లోపలి భాగం బంకగా మారి, తీగలు సాగుతూ, బాగా మగ్గిన పండు వాసన వస్తే అది కాలే వేడిని తట్టుకుని మిగిలిన బ్యాసిలస్ బీజాల పని. ఆ బ్రెడ్‌ను పారవేసి, పాత్రను వెనిగర్ కలిపిన నీటితో కడగాలి.

యంత్రాన్ని చంపేవి, నిలబెట్టేవి

శుభ్రపరిచే ముందు ప్లగ్ తీసి, యంత్రం పూర్తిగా చల్లారే వరకు ఆగాలి. పాత్రలో గోరువెచ్చని నీరు పోసి పది పదిహేను నిమిషాలు ఉంచితే అంటుకున్న రెక్క వదులవుతుంది. నీరు పాత్ర లోపల ఉండాలే తప్ప పాత్ర నీటిలో మునగకూడదు. అడుగున ఇరుసు చుట్టూ ఉన్న సీలు, బేరింగ్ నీరు తగిలితే పాడవుతాయి. పాత్రలు తొందరగా చెడటానికి సింకులో నానబెట్టడం ఒక ముఖ్య కారణం. స్టీలు పీచు, సబీనా వంటి రాపిడి పొడులు నిషిద్ధం. మెత్తని స్పాంజి, కొద్దిగా సబ్బు చాలు. రెక్క మధ్య రంధ్రంలో ఎండిన పిండిని పుల్లతో తీయాలి. తర్వాతిసారి తొడిగేముందు ఇరుసుకు చుక్క నూనె రాస్తే సులభంగా ఊడివస్తుంది.

పాత్ర కింద నల్లని పొడి, జిడ్డు కనిపించినా, నీరు పోస్తే అడుగునుంచి కారినా సీలు అరిగినట్లు లెక్క. అది వేడిచేసే కాయిల్‌పై పడకముందే పాత్రను మార్చాలి లేదా మరమ్మతు చేయించాలి. మోటారు చప్పుడు వినిపిస్తున్నా రెక్క సరిగా తిరగకపోతే, లేదా కీచుమనే శబ్దం వస్తే బెల్టు వదులై ఉండవచ్చు. బెల్టు చవకైన భాగమే. దాని కారణంగా యంత్రాన్నే పారవేయనక్కరలేదు, కానీ మార్చడం తెలిసినవారి పని. కాయిల్‌పై ఒలికిన పిండి తర్వాతిసారి మాడి పొగ పెడుతుంది. చల్లారాక మెత్తని బ్రష్‌తో దులపాలి. యంత్రం లోపల ఎన్నడూ నీరు పోయకూడదు.

చపాతీ, పూరీ, బొబ్బట్ల పిండిని కూడా కొందరు ఇందులో కలుపుతారు. మెత్తని ముద్దకు అభ్యంతరం లేదు. పూరీకి కావలసినంత గట్టి పిండి పెద్ద మొత్తంలో వేస్తే భారం నేరుగా మోటారుపై, బెల్టుపై పడుతుంది. పుస్తకంలో సూచించిన గరిష్ఠ పరిమాణంలో సగానికి మించకపోవడం మేలు. జామ్ చేసేటప్పుడూ పరిమితి దాటితే పొంగి కాయిల్‌పై పడుతుంది, చక్కెర మాడిన మరక ఇక వదలదు.

కొన్నాళ్లు వాడకుండా పెట్టేటట్లయితే మూత కాస్త తెరిచి లోపలి తడిని ఆరనివ్వాలి. పిండి రేణువులు మిగిలితే చీమలు, బొద్దింకలు చేరి ఎలక్ట్రానిక్ పలక దాకా వెళతాయి. రెక్కను చిన్న సంచిలో చుట్టి పాత్రలోనే ఉంచాలి. మిగిలిన బ్రెడ్ ముక్కలో ఇరుక్కుని చెత్తబుట్ట చేరేది, విడిగా కొనాలంటే వారాల తరబడి దొరకనిది ఆ రెక్కే.